పెద్ద దాతలను సోషల్ మీడియాలో పట్టుకోవడం ఎలా? (ఉద్దానం డయాలసిస్ వ్యాన్ కోసం)

ఉద్దానం_వ్యాన్ | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే గానీ రాసింది లేదు. మాది శ్రీకాకుళం జిల్లా. కవిటి, కంచిలి వైపు ఊళ్ల నుంచి కిడ్నీ రోగులను డయాలసిస్‌కు తీసుకెళ్లి, మళ్లీ ఇంటి ముందు దించే వ్యాన్ ఒకటి మా ట్రస్టు నడుపుతోంది.

ఉద్దానం సంగతి తెలియనివాళ్లకు: ఇక్కడ కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో ఇప్పటికీ తేలలేదు. షుగరు, బీపీ లేని కూలీలకు కూడా వస్తోంది. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలైంది. డయాలసిస్‌కు డబ్బు కట్టక్కర్లేదు. డయాలసిస్ రోగులకు ప్రభుత్వం నెలకు 10,000 పింఛను ఇస్తోంది. అన్నీ ఉన్నాయి, కానీ వారానికి రెండు మూడుసార్లు వెళ్లిరావాలి కదా. మిషను మీద నాలుగు గంటలు పడుకుని లేచిన మనిషి బస్సులో నిలబడి రాలేడు. ఆటో మాట్లాడుకుంటే పింఛనులో చాలా భాగం దానికే చెల్లు.

ఉన్న వ్యాన్ పాతబడిపోయింది. రెండోది కొని, మూడేళ్లకు డ్రైవరు జీతం, డీజిలు కూడా చూసుకోవాలంటే 20 లక్షల పైమాటే. ఫేస్‌బుక్‌లో పోస్టు పెడితే లైకులు, దండాలు, "మీ సేవకు పాదాభివందనం" కామెంట్లు బోలెడు. డబ్బు మాత్రం 500, 1,000 చొప్పున వస్తుంది. వాళ్లను తక్కువ చేయడం లేదు, వాళ్ల వల్లే బండి తిరుగుతోంది. కానీ ఇప్పుడు తలా అయిదు లక్షలు ఇవ్వగలిగినవాళ్లు నలుగురు కావాలి. మా ఆఫీసు కుర్రాడు "పోస్టులు బూస్ట్ చేద్దాం మేడమ్, పదివేలు పెడితే అమెరికా దాకా వెళ్తుంది" అంటున్నాడు. పెట్టమంటారా?

పన్ను మినహాయింపు రిజిస్ట్రేషన్లు 12ఏ (ట్రస్టుకు), 80జి (దాతలకు) ఉన్నాయి. విదేశీ విరాళాలు తీసుకోవడానికి కావాల్సిన ఎఫ్‌సీఆర్ఏ రిజిస్ట్రేషన్ లేదు.

మాట_వరస | సోమవారం, రాత్రి 10:15

ఇలాంటి పేజీలు నడపడమే నా ఉద్యోగం. అయినా నా పొట్ట నేనే కొట్టుకునే మాట చెప్తున్నా: ఆ పదివేలకు డీజిలు పోయించుకోండి. బూస్ట్ చేస్తే చూసేవాళ్లు పెరుగుతారు, 500 ఇచ్చేవాళ్లు ఇంకొందరు దొరకవచ్చు. అయిదు లక్షలిచ్చే మనిషి ముక్కూమొహం తెలియని ట్రస్టు ప్రకటన చూసి క్యూఆర్ కోడ్ స్కాన్ చేయడు.

ఒక పని చేయండి. మీ పేజీలో ఇటీవలి పోస్టులు తెరిచి లైకులు ఎన్ని అన్నది వదిలేసి, ఎవరివి అన్నది చూడండి. ముఖ్యంగా షేర్ చేసినవాళ్లు. అందులోనూ షేర్ చేస్తూ సొంతంగా రెండు ముక్కలు రాసినవాళ్లు ఉంటారే, "మా మేనమామ ఇలాగే పోయాడు" అని, వాళ్లను ఒక ఎక్సెల్ షీట్‌లోకి ఎక్కించండి. పేరు, సొంతూరు, ఇప్పుడెక్కడ ఉన్నారు, ఏం చేస్తారు, మన ట్రస్టులో వాళ్లను ఎరిగినవారెవరు, ఆఖరిసారి ఎప్పుడు మాట్లాడాం. అంతే. "ఆస్తి ఎంత" అనే కాలమ్ మాత్రం పెట్టకండి. ఆ అంచనాలు ఎటూ తప్పుతాయి, పైగా ఆ షీటు ఎవరి కంటైనా పడితే పరువు పోతుంది.

చిక్కడపల్లి_మాస్టారు | మంగళవారం, ఉదయం 6:20

ఏమనుకోకండి, పెద్దవాణ్ణి అడుగుతున్నాను. మనిషి తన మేనమామ పోయాడని బాధతో నాలుగు మాటలు రాసుకుంటే, అది చూసి వీడి దగ్గర ఎంత రాలుతుందో అని పేరు ఎక్కించుకోవడం మర్యాదేనా? మేము స్కూలు ప్రహరీ గోడకు చందాలు వసూలు చేసినప్పుడు రసీదు పుస్తకం పట్టుకుని నేరుగా ఇంటికి వెళ్లేవాళ్లం. ఇస్తే ఇచ్చారు, లేకపోతే మజ్జిగ తాగి వచ్చేవాళ్లం. దొంగచాటుగా చూసే పని ఉండేది కాదు.

మాట_వరస | మంగళవారం, ఉదయం 8:05

మాస్టారూ, మీరు ఏ ఇంటికి ముందు వెళ్లాలో ఎలా తేల్చుకునేవారు? ఎవరి పిల్లలు ఆ బళ్లో చదివారు, ఎవరికి పంట బాగా పండింది, ఎవరు పోయినేడాది గుడికి ఇచ్చారు, ఇవన్నీ చూసుకునే కదా బయల్దేరేది. అదే పని.

చిక్కడపల్లి_మాస్టారు | మంగళవారం, ఉదయం 8:30

మాకు తెలుసని వాళ్లకూ తెలుసు. తేడా అక్కడుంది బాబూ.

కాకినాడ_కాజా | మంగళవారం, మధ్యాహ్నం 1:10

మాస్టారి మాటను కొట్టిపారేయకండి, దాని దగ్గరికే వస్తాను. నేను హైదరాబాద్‌లో ఒక పెద్ద సంస్థలో దాతల విభాగంలో చాలాకాలంగా ఉన్నాను. మేడమ్ గారూ, మీరు ఫేస్‌బుక్ తెరవకముందు మీ ట్రస్టు బ్యాంకు స్టేట్‌మెంట్లు తెరవండి. గత అయిదేళ్లవి. పెద్ద మొత్తం ఇచ్చేవాళ్లలో ఎక్కువమంది అప్పటికే మీకు చిన్న మొత్తం ఇచ్చినవాళ్లే అయి ఉంటారు. ప్రతి ఏడాదీ ఒకే తేదీన 2,000 వేసే మనిషి ఎవరైనా కనిపిస్తున్నారా? అది వాళ్ల నాన్నగారి సంవత్సరీకమో, అమ్మ పుట్టినరోజో అయి ఉంటుంది. అలాంటి పేరు వెయ్యి లైకుల కంటే విలువైనది.

ఇలా పేర్లు దొరికాక సోషల్ మీడియా పనికొస్తుంది. లింక్డ్‌ఇన్‌లో ఆ పేరు వెతికితే ఆయన ఇప్పుడేం చేస్తున్నారో తెలుస్తుంది. 2,000 వేసే ఆయన ఏదో కంపెనీలో వైస్ ప్రెసిడెంటని తేలిన సందర్భాలు మా దగ్గర చాలా ఉన్నాయి. ఇంకో దారి: లింక్డ్‌ఇన్‌లో ఆంధ్రా యూనివర్సిటీ లాంటి విద్యాసంస్థ పేజీకి వెళ్తే పూర్వ విద్యార్థుల ట్యాబ్ ఉంటుంది. వాళ్లు ఏ నగరంలో ఉన్నారు, ఏ కంపెనీలో ఉన్నారు అని వడగట్టుకోవచ్చు. సెర్చ్‌లో శ్రీకాకుళం అనో పలాస అనో కొట్టి చూడండి. అయితే చాలామంది లింక్డ్‌ఇన్‌లో కాలేజీ వరకే రాస్తారు. హైస్కూలు పేరు దొరికేది ఫేస్‌బుక్‌లోనే. "జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల, ఫలానా ఊరు" అని గర్వంగా పెట్టుకున్నవాళ్లు, పదో తరగతి బ్యాచ్ కలయిక ఫొటోలు పెట్టేవాళ్లు ఊరితో బంధం తెంచుకోనివాళ్లు. ఇవ్వగలిగే స్తోమత, ఈ పని మీద ఆసక్తి, మీతో ఏదో ఒక పరిచయం, మూడూ ఉన్న మనిషి కావాలి. డబ్బొక్కటే చూసి కోటీశ్వరుల వెంటపడితే చెప్పులరగడమే మిగులుతుంది.

ఇక మాస్టారి మాట. లింక్డ్‌ఇన్‌లో మీరు ఎవరి ప్రొఫైల్ చూసినా మామూలుగా వాళ్లకు తెలిసిపోతుంది. చాలామంది దాన్ని దాచే సెట్టింగ్ పెట్టుకుంటారు. నేను పెట్టుకోను. ఎందుకు చూశారని ఎవరైనా అడిగితే "మీరు మా సంస్థకు ఇచ్చారు, మీ గురించి తెలుసుకుందామని చూశాను" అని చెప్పగలగాలి. అలా చెప్పలేని సమాచారం, అంటే ఇంటి ఫొటోలు, పిల్లల స్కూలు, విడాకుల గొడవ లాంటివి, కంటపడినా షీట్‌లో రాయం.

న్యూజెర్సీ_చలి | మంగళవారం, రాత్రి 11:50

అవతలి ఒడ్డు నుంచి నేనూ ఒక మాట. మా ఊరు టెక్కలి దగ్గర. ఇక్కడ కాస్త పేరున్న ఉద్యోగం అని లింక్డ్‌ఇన్‌లో పెట్టుకున్న పాపానికి నెలకు ఎన్ని "గౌరవనీయులైన దాత గారికి" మెసేజ్‌లు వస్తాయో లెక్కలేదు. కనెక్షన్ ఒప్పుకున్న రెండో నిమిషంలో పీడీఎఫ్, మూడో నిమిషంలో అకౌంట్ నంబరు. అన్నీ డిలీటే.

నేను ఒక్క సంస్థకు మాత్రం ఏళ్ల తరబడి ఇస్తున్నాను. ఎందుకంటే వాళ్లు పేజీలో ప్రతి నెలా ఖర్చుల కాగితం ఫొటో తీసి పెడతారు. డిజైన్ ఏమీ ఉండదు, చేత్తో రాసిన కాగితమే. ఒక నెల "ఈసారి బిల్లు ఎక్కువైంది, మోటారు కాలింది" అని రాసి, రిపేరు బిల్లు కూడా పెట్టారు. అప్పటిదాకా చూసి ఊరుకున్నవాణ్ణి, ఆ నెల ఫోన్ చేశాను. లైక్ కూడా కొట్టని నాలాంటివాళ్లు మీ పేజీ చూస్తూనే ఉంటారు. మమ్మల్ని వెతకాలంటే కష్టమే, కానీ మేం మిమ్మల్ని పరీక్షిస్తున్నామని గుర్తుపెట్టుకోండి.

ఇంకోటి, ఇక్కడ కొన్ని కంపెనీలు ఉద్యోగి ఇచ్చినంత మొత్తం తామూ కలుపుతాయి. మైక్రోసాఫ్ట్ అయితే ఏడాదికి 15,000 డాలర్ల దాకా కలుపుతుంది. కానీ ఆ డబ్బు నేరుగా మీ ట్రస్టు ఖాతాకు వచ్చేది కాదు. మధ్యలో ఇక్కడ అమెరికాలో పన్ను మినహాయింపు ఉన్న నమోదిత సంస్థ ఉండాలి, ఇండియాలో మీకు ఎఫ్‌సీఆర్ఏ ఉండాలి. అది లేదన్నారు కదా?

పద్దుపుస్తకం | బుధవారం, ఉదయం 7:15

సీఏని. ఇలాంటి ట్రస్టుల ఆడిట్లు చూస్తాను. ఎఫ్‌సీఆర్ఏ లేదన్న మాట చదివి నిద్రపట్టలేదు, ఎందుకంటే మీ పేజీలో క్యూఆర్ కోడ్ ఉంది, మీ కుర్రాడు అమెరికా దాకా వెళ్తుందంటున్నాడు.

దాత ఎక్కడున్నాడన్నది కాదు, ఏ పాస్‌పోర్టు ఉందన్నది చూడాలి. భారత పాస్‌పోర్టుతో అమెరికాలోనో దుబాయ్‌లోనో ఉన్న ఎన్నారై తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. ఆయన పాస్‌పోర్టు కాపీ ఒకటి తీసి ఫైల్లో పెట్టుకోండి. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చేది) మీద ఉంటే, ఇక్కడ సెలవుకు వచ్చి రూపాయల్లో ఇచ్చినా అది విదేశీ విరాళమే. తెలుగువాడే కదా, మా ఊరివాడే కదా అంటే చట్టం వినదు.

"ఎఫ్‌సీఆర్ఏ ఉన్న వేరే సంస్థకు వేయిస్తాం, వాళ్లు మాకు ఇస్తారు" అనే పాత పద్ధతి 2020 సవరణతో పోయింది. విదేశీ విరాళం అందుకున్న సంస్థ దాన్ని ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదు. విదేశీ డబ్బు మొదట చేరాల్సిన ఖాతా కూడా ఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలోనే ఉండాలి.

మీ ట్రస్టు మొదలై మూడేళ్లు దాటి, ఆ మూడేళ్లలో అసలు పనుల మీద కనీసం 15 లక్షలు ఖర్చయి ఉంటే రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు చేయవచ్చు. లేదంటే ఫలానా దాత నుంచి ఫలానా పనికి అని ముందస్తు అనుమతి తీసుకునే దారి ఉంది. రెండూ టైం పట్టేవే. అప్పటిదాకా పేజీ పైన "ప్రస్తుతం భారత పౌరుల నుంచి మాత్రమే విరాళాలు తీసుకుంటున్నాం" అని ఒక లైను పెట్టండి.

మాస్టారి మర్యాద ప్రశ్నకు చట్టం వైపు నుంచి: మనిషి తనంతట తాను బహిరంగంగా పెట్టుకున్న సమాచారాన్ని 2023 డేటా రక్షణ చట్టం పట్టించుకోదు. మీరు అడిగి తీసుకున్న పాన్, ఫోన్ నంబరు, పాస్‌పోర్టు కాపీ మాత్రం ఆ చట్టం కిందికి వస్తాయి. ఆఫీసు కుర్రాడి ఫోన్‌లో ఉంచకండి.

ఉద్దానం_వ్యాన్ | గురువారం, రాత్రి 8:55

అందరికీ ధన్యవాదాలు. సీఏ గారు చెప్పిన లైను నిన్ననే పెట్టేశాం, బూస్ట్ ఆలోచన మానుకున్నాం.

కాజా గారు చెప్పినట్టు స్టేట్‌మెంట్లు తీశాం. 2018 అక్టోబరులో టిట్లీ తుఫానప్పుడు మా ఖాతాకు మునుపెన్నడూ రానంత డబ్బు వచ్చింది. కొబ్బరి చెట్లు, జీడి తోటలు నేలమట్టమైన ఫొటోలు వాట్సాప్‌లో తిరిగాయి కదా, అవి చూసి పంపారు. ఆ తర్వాత వాళ్లెవరికీ మేం ఒక్క ముక్క రాయలేదు. వాళ్లలో ఒకాయన ఏటా ఏదో ఒకటి వేస్తూనే ఉన్నారు. వెతికితే మర్చంట్ నేవీలో కెప్టెన్ అని తేలింది, సోంపేట దగ్గర ఊరు. ఫేస్‌బుక్‌లో ఓడ ఫొటోలు, ఊళ్లో అమ్మవారి పండగ ఫొటోలు తప్ప ఇంకేం పెట్టరు.

మెసేజ్ ఇలా రాశాను, చూసి చెప్పండి:

"మానవసేవే మాధవసేవ. దాతృత్వానికి మారుపేరు, పుట్టిన గడ్డకు వన్నె తెచ్చిన మహనీయులు కెప్టెన్ గారి పాదపద్మాలకు నమస్కరించి వ్రాయునది. మీ వంటి సహృదయులు ముందుకొచ్చి రూ. 5,00,000 విరాళం అందజేసి నిరుపేద కిడ్నీ రోగుల జీవితాల్లో వెలుగులు నింపవలసిందిగా ప్రార్థన."

మాట_వరస | గురువారం, రాత్రి 9:02

పాదపద్మాలు తీసేయండి మేడమ్, ప్లీజ్.

కాకినాడ_కాజా | గురువారం, రాత్రి 9:45

ఇందులో ఆయన గురించి గానీ, మీ వ్యాన్ గురించి గానీ ఒక్క సంగతి లేదు. పేరు మార్చి ఎవరికైనా పంపవచ్చు, చదివేవాళ్లకు అది తెలిసిపోతుంది. నేనైతే ఇలా రాస్తాను:

"కెప్టెన్ గారూ, నమస్తే. నేను కంచిలి వైపు డయాలసిస్ వ్యాన్ నడిపే ట్రస్టులో పనిచేస్తాను. టిట్లీ తుఫానప్పుడు మీరు పంపిన డబ్బు దేనికి ఖర్చయిందో మేం మీకు అప్పట్లో చెప్పలేదు. ఆ లెక్క ఇప్పుడు జతచేస్తున్నాను. మీ ఊరి నుంచి కూడా ఇప్పుడు మా వ్యాన్‌లో డయాలసిస్‌కు వెళ్లేవాళ్లున్నారు. ఈసారి మీరు ఊరికొచ్చినప్పుడు ఒక్కసారి కలవాలని ఉంది. డబ్బు అడగడానికి మాత్రం కాదు."

ఓడ మీద ఉంటే నెట్ సరిగా ఉండదు, జవాబు ఆలస్యమైతే రెండోసారి వెంటపడకండి.

చిక్కడపల్లి_మాస్టారు | శుక్రవారం, ఉదయం 6:10

ఆఖరి వాక్యం అబద్ధం కదండీ.

కాకినాడ_కాజా | శుక్రవారం, ఉదయం 9:20

మాస్టారూ, దొరికిపోయాను. నిజమే. ఆ వాక్యం తీసేసి "రెండో వ్యాన్ కొనే ఆలోచనలో ఉన్నాం, ఆ లెక్కలు మీకు చూపించాలని ఉంది" అని పెట్టండి. ఎందుకొస్తున్నారో ఆయనకూ తెలుస్తుంది, మొత్తం ఎంతన్నది ఎదురుగా కూర్చున్నప్పుడు మాట్లాడుకోవచ్చు. అయిదు లక్షలు మెసెంజర్‌లో అడిగే మొత్తం కాదు. మెసేజ్ పని ఫోన్ కాల్ దాకా తీసుకెళ్లడం, ఫోన్ కాల్ పని ఆయన్ను ఒకసారి వ్యాన్ ఎక్కించడం.

జీడిపప్పు_జంక్షన్ | శుక్రవారం, మధ్యాహ్నం 3:30

పలాసోణ్ణి. మీరంతా లింక్డ్‌ఇన్, అమెరికా అంటున్నారు గానీ, మా ఊళ్లో జీడి ఫ్యాక్టరీల వాళ్లు మీకు కనబడలేదా? వాళ్లెవరికీ లింక్డ్‌ఇన్ ఉండదు. ఫేస్‌బుక్‌లో పేరుంటుంది, ప్రొఫైల్‌లో దేవుడి ఫొటో ఉంటుంది. అయితే పొద్దున్న లేచింది మొదలు వాట్సాప్ స్టేటస్‌లు చూస్తారు. మా నాన్న నా ఫోన్ ఎత్తడు గానీ నా స్టేటస్ మాత్రం చూస్తాడు.

మీ ట్రస్టు నంబరు వాళ్ల ఫోన్‌లో సేవ్ అయి ఉండాలి, అది ముఖ్యం. సేవ్ చేయకపోతే మీ స్టేటస్ వాళ్లకు కనబడదు, బ్రాడ్‌కాస్ట్ పంపినా చేరదు. కాబట్టి ఒకసారి షాపుకెళ్లి, కార్డు ఇచ్చి, ఎదురుగా సేవ్ చేయించండి. ఇక రోజూ వ్యాన్ బయల్దేరేటప్పుడు ఒక ఫొటో స్టేటస్‌లో పెట్టండి. నెల తర్వాత మళ్లీ వెళ్తే "ఆ తెల్లవారుజామున వెళ్లే బండి మీదేనా" అని వాళ్లే అడుగుతారు.

ఎవరు ఇస్తారో తెలియాలంటే గుళ్ల దగ్గర శిలాఫలకాలు చూడండి, పేపర్లో జిల్లా పేజీ చూడండి. ఇంకో మాట, మావాళ్లకు పేరు కావాలి. వ్యాన్ మీద "ఫలానా వారి జ్ఞాపకార్థం" అని రాయిస్తామంటే సగం పని అయినట్టే.

చిక్కడపల్లి_మాస్టారు | శుక్రవారం, సాయంత్రం 5:00

కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదన్న రోజులు పోయాయన్నమాట.

కాకినాడ_కాజా | శుక్రవారం, సాయంత్రం 6:40

పేరు పెట్టుకోవడంలో తప్పేముంది మాస్టారూ. హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి పేరు ఎలా వచ్చింది? ఆ సినిమా దర్శక నిర్మాత కుటుంబం కోటి రూపాయలు, ఐదెకరాల స్థలం ఇచ్చింది. 1987 నుంచి ఎన్ని లక్షల కళ్లకు చూపొచ్చిందో. ఆ పేరు అక్కడ ఉండటం వల్ల ఎవరికి నష్టం?

పేరు వద్దనేవాళ్లూ ఉంటారు. ఒక దాతకు పేజీలో ఫొటో పెట్టి కృతజ్ఞతలు చెప్తామంటే చేతులు జోడించారు, "అది చూసి మా బంధువులందరూ అప్పులకు బయల్దేరతారు" అని. అడగకుండా ఎవర్నీ ట్యాగ్ చేయొద్దు.

అనంత_బాలలు | శుక్రవారం, రాత్రి 10:30

మధ్యలో వస్తున్నందుకు సారీ. మాది బాలల సంరక్షణ గృహం. పిల్లల ఫొటోలు పెడితేనే దాతలు స్పందిస్తున్నారు. పుట్టినరోజు కేకు కోసే వీడియోలకు బాగా వస్తోంది. కొనసాగించవచ్చా?

పద్దుపుస్తకం | శుక్రవారం, రాత్రి 10:48

వెంటనే ఆపేయండి. బాలల న్యాయ చట్టం 2015, సెక్షన్ 74. సంరక్షణలో ఉన్న పిల్లల్ని గుర్తుపట్టేలా ఫొటో, పేరు, స్కూలు ఏదీ ప్రచురించకూడదు. ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ.

నిర్వాహకుడు | శుక్రవారం, రాత్రి 11:05

బాలల గృహాల చర్చకు వేరే శీర్షిక తెరవండి. ఇక్కడ వ్యాన్ మాటే నడవనివ్వండి.

ఉద్దానం_వ్యాన్ | శనివారం, ఉదయం 7:30

ఫొటోల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. మా పేజీలో బాగా నడిచే పోస్టులన్నీ మంచం మీద సూదులతో ఉన్న రోగుల ఫొటోలే. మొన్న ఒకామె వచ్చి వాళ్ల నాన్న ఫొటో తీసేయమంది. చెల్లెలికి సంబంధం వచ్చిందట, అబ్బాయి వైపువాళ్లు ఆ ఫొటో చూశారట. ఉద్దానం అంటేనే పిల్లనివ్వడానికి, తీసుకోవడానికి వెనకాడేవాళ్లున్నారు, దాని మీద ఇదొకటి. ఆ రోజు సాయంత్రానికి పాత ఫొటోలన్నీ తీసేశాం. కానీ ఇప్పుడు దాతలకు ఏం చూపించాలి?

న్యూజెర్సీ_చలి | శనివారం, ఉదయం 8:10

ట్రిప్పు షీటు చూపించండి. రోగుల పేర్లు కప్పేసి. ఎన్ని గంటలకు బయల్దేరింది, మీటరు రీడింగు ఎంత, డీజిలు ఎంత పోయించారు, ఎన్ని గంటలకు ఆఖరి మనిషిని దించారు. మీ డ్రైవరు ఒప్పుకుంటే ఆయన చేత రెండు నిమిషాలు మాట్లాడించండి. వర్షంలో ఏ ఊరి రోడ్డు మునుగుతుంది, అప్పుడేం చేస్తారు అని. నాకు ఏడుపు ఫొటో కంటే అది చూస్తేనే వీళ్ల చేతికి డబ్బివ్వవచ్చు అనిపిస్తుంది.

మాట_వరస | శనివారం, ఉదయం 9:00

చలి గారు చెప్పిందే. ఒక్క హెచ్చరిక: ఏడుపు ఫొటోలు మానేస్తే లైకులు పడిపోతాయి. మీ కుర్రాడు టెన్షన్ పడతాడు. పడనివ్వండి.

విజయవాడ_బస్టాండ్ | శనివారం, మధ్యాహ్నం 12:20

మీరు ఇలా పెద్ద దాతలు కావాలని బహిరంగంగా రాయగానే మీకు ఒక ఫోన్ వస్తుంది, రాసిపెట్టుకోండి. "సీఎస్ఆర్ ఫండ్ అయిదు కోట్లు ఇప్పిస్తాం, ఫైలు ఖర్చులు ముందు రెండు లక్షలు" అని ఒకటి (సీఎస్ఆర్ అంటే కంపెనీలు సమాజసేవకు పెట్టే డబ్బు). "కోటి వేస్తాం, నలభై లక్షలు క్యాష్‌గా వెనక్కివ్వండి" అని ఇంకొకటి. ఫేస్‌బుక్‌లో తెల్లదొర ఫొటోతో "నా ఆస్తి మీ ట్రస్టుకు రాస్తాను" అనేది మూడోది. మా ఎరుకలో ఒక ట్రస్టు మొదటి రకానికి డబ్బు కట్టేసింది.

పద్దుపుస్తకం | శనివారం, మధ్యాహ్నం 1:00

రెండో రకానికి ఒప్పుకుంటే ట్రస్టు రిజిస్ట్రేషనే పోతుంది, జైలు కూడా కనబడుతుంది.

నిజం సీఎస్ఆర్ అయితే కంపెనీల చట్టం సెక్షన్ 135 కింద వస్తుంది. నికర విలువ 500 కోట్లు, టర్నోవరు 1,000 కోట్లు, నికర లాభం 5 కోట్లు, వీటిలో ఏ ఒక్కటి దాటిన కంపెనీ అయినా గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చుపెట్టాలి. మధ్యవర్తి అక్కర్లేదు. మీరు సీఎస్ఆర్-1 ఫారం దాఖలు చేసి నంబరు తెచ్చుకోండి. ఏ కంపెనీ ఏ జిల్లాలో దేనికి ఖర్చుపెట్టిందో ప్రభుత్వ సీఎస్ఆర్ పోర్టల్లో ఉంటుంది, కంపెనీ వార్షిక నివేదికలోనూ ఉంటుంది. ఆరోగ్యం మీద మన ఉత్తరాంధ్రలో ఇప్పటికే ఖర్చుపెడుతున్న కంపెనీ పేరు అక్కడ పట్టుకుని, ఆ సీఎస్ఆర్ అధికారిని లింక్డ్‌ఇన్‌లో వెతకండి. లింక్డ్‌ఇన్ అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది దీనికే అని నా అభిప్రాయం.

ఉద్దానం_వ్యాన్ | కొన్ని వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 9:15

ఆలస్యంగా రాస్తున్నాను. కెప్టెన్ గారి నుంచి జవాబు రావడానికి చాలా రోజులు పట్టింది. కాజా గారు చెప్పారు కాబట్టి మళ్లీ రాయలేదు. ఆయనే వాట్సాప్ కాల్ చేశారు. టిట్లీ లెక్క చదివారట, టార్పాలిన్ల ధర ఎక్కువ పెట్టారేమని మొదటి మాటే అడిగారు! తుఫాను తర్వాత రేట్లు పెరిగాయని చెప్పి బిల్లు పంపాను. ఆ తర్వాత అన్నీ ప్రశ్నలే. వ్యాన్ ఆగిపోతే రోగుల్ని ఎలా తీసుకెళ్తారు, ఇన్సూరెన్స్ ఎవరి పేరున ఉంది, డ్రైవరుకు సెలవు ఇస్తే ఎవరు నడుపుతారు. సెలవుకు వచ్చాక తెల్లవారుజామున మా వ్యాన్‌లో డ్రైవరు పక్కన కూర్చుని వెళ్లొచ్చారు. ఫొటో వద్దన్నారు.

వ్యాన్‌కు కాకుండా డ్రైవరు జీతం, డీజిలు మూడేళ్లకు తాను చూసుకుంటానన్నారు. "బండి కొనడానికి ఎవరైనా ఇస్తారు, నడపడానికి ఎవరూ ఇవ్వరు" అన్నారు. పలాసలో ఒక జీడి వ్యాపారి బండి కొటేషన్ తెమ్మన్నారు, ఆయన ఇంకా అవునన లేదు, కాదన లేదు. డల్లాస్ నుంచి ఒకాయన పది లక్షలు ఇస్తానన్నారు గానీ అమెరికా పౌరుడు, సీఏ గారి మాట గుర్తొచ్చి ఆపమన్నాం. ఎఫ్‌సీఆర్ఏ దరఖాస్తుకు కాగితాలు సిద్ధం చేస్తున్నాం. పేజీలో లైకులు నిజంగానే సగానికి సగం పడిపోయాయి.

ఇప్పుడు సందేహం: కెప్టెన్ గారు రసీదు కీర్తిశేషులైన వాళ్ల నాన్నగారి పేరు మీద ఇమ్మంటున్నారు. ఇవ్వవచ్చా? ఆయన డబ్బు ఎన్ఆర్ఈ ఖాతా (ఎన్నారైలు విదేశీ సంపాదన వేసుకునేది) నుంచి వస్తుంది, ఇబ్బంది ఉంటుందా?

పద్దుపుస్తకం | ఆదివారం, రాత్రి 10:05

భారత పాస్‌పోర్టు ఉంది కాబట్టి ఎన్ఆర్ఈ ఖాతా అయినా ఇబ్బంది లేదు. పాస్‌పోర్టు కాపీ, సొంత సంపాదన నుంచే ఇస్తున్నానని ఒక సంతకం తీసుకోండి.

రసీదు మాత్రం డబ్బు ఎవరి ఖాతా నుంచి వచ్చిందో వాళ్ల పేరు మీదే, వాళ్ల పాన్‌తోనే. కింద "కీర్తిశేషులు ఫలానా వారి జ్ఞాపకార్థం" అని రాయండి, తప్పులేదు. ఆర్థిక సంవత్సరం ముగిశాక మే 31 లోగా ఫారం 10బీడీలో ఆ వివరాలు దాఖలు చేసి, ఆయనకు 10బీఈ సర్టిఫికెట్ పంపాలి. మరిచిపోతే ఆలస్యమైన ప్రతి రోజుకూ 200. ఇక్కడ పన్ను కట్టే ఆదాయం ఆయనకు లేకపోయినా, కొత్త పన్ను విధానంలో ఉన్నా 80జి వల్ల ఒరిగేదేమీ ఉండదు, ఆ మాట ముందే చెప్పండి. తర్వాత తెలిస్తే మీరు దాచారనుకుంటారు.

జీడి వ్యాపారి క్యాష్ ఇస్తానంటే 2,000 దాటితే 80జి రాదని చెప్పి చెక్కు అడగండి. కొటేషన్‌తో పాటు బండి రిజిస్ట్రేషన్ ట్రస్టు పేరునే ఉంటుందని రాసిన తీర్మానం కాపీ కూడా తీసుకెళ్లండి.

జీడిపప్పు_జంక్షన్ | ఆదివారం, రాత్రి 10:20

ఆ వ్యాపారి ఎవరో నాకు అర్థమైంది. మంగళవారం వెళ్లకండి, ఆ రోజు డబ్బు మాట ఎత్తడు. బుధవారం పొద్దున్నే వెళ్లండి, నేనూ వస్తాను.